మర కాళ్లు కట్టుకుంటే మోకాళ్ల నొప్పితో కొండ ఎక్కవచ్చా?

పలమనేరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారికి 67 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని డాక్టరు చెప్పారు. అలిపిరి మెట్ల దారిన నడిచి వస్తానని ఆయన ఎప్పుడో మొక్కుకున్నారు, ఆ మొక్కు తీరలేదన్న బాధ ఆయన్ని వదలడం లేదు. చైనాలో ఒక కొండ మెట్లను పెద్దవయసు వాళ్లు నడుముకు, తొడలకు యంత్రం కట్టుకుని చకచకా ఎక్కేస్తున్న వీడియో ఇంట్లో అందరూ చూశారు. అమెరికాలో ఉన్న తమ్ముడు అలాంటి ఎక్సోస్కెలిటన్ కొని పంపుతానంటున్నాడు. కొనమంటారా? దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగారు: పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడుస్తున్న పిన్నిగారికి కూడా అది పనికొస్తుందా?

నాన్నగారికి కొనవద్దు. ఆ యంత్రం మోసమని కాదు. ఆయనకు కొరవడింది ఒకటి, అది ఇచ్చేది మరొకటి. పిన్నిగారికి కూడా కొనవద్దు, అయితే ఆమె విషయం వేరు. పెద్ద ఆసుపత్రుల్లో, పునరావాస కేంద్రాల్లో ఉండే నడక యంత్రాల మీద సాధన చేయిస్తే ఆమెకు నిజంగా మేలు జరగవచ్చు. దానికి ఒక గడువు ఉంది, ఆ సంగతి చివర చెబుతాను.

నేను తిరుపతిలో 22 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మోకాళ్ల అరుగుదల, పక్షవాతం, వెన్ను దెబ్బలు, తుంటి విరుగుళ్లు, ఇవే నా రోజువారీ పని. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది ముందు పుత్తూరు కట్టు (ఎముకలకు వేసే నాటు కట్టు) కట్టించుకుని వచ్చినవారే. గత రెండు మూడేళ్లుగా ఈ యంత్రాల గురించి అడగని వారం లేదు. అడిగేవారి కళ్లలో ఆశ కనిపిస్తుంది. అందుకే ఈ సమాధానం కాస్త విడమరిచి రాస్తున్నాను.

మీరు చూసిన వీడియో బహుశా తైషాన్ కొండది. షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్న ఆ కొండకు ఏడు వేలకు పైగా మెట్లున్నాయి. 2025 ఆరంభంలో అక్కడ ఈ యంత్రాలను మూడు గంటలకు 60 నుంచి 80 యువాన్ల అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్కోటి 1.8 కిలోల బరువు. వీడియోలో ఉన్నది అబద్ధం కాదు. కానీ అది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడండి. నడుము పట్టీకి రెండు పక్కలా చిన్న మోటార్లు ఉంటాయి. ఒక్కో మోటారు నుంచి ఒక కడ్డీ తొడ దాకా వస్తుంది, దాన్ని పట్టీతో తొడకు బిగిస్తారు. కాలు ఎత్తబోతున్నారని సెన్సార్లు గ్రహించగానే మోటారు తొడను పైకి లాగుతుంది. కొన్ని రకాలు అడుగు పడ్డాక తొడను వెనక్కి నెట్టి సాయం చేస్తాయి కూడా. ఆ యంత్రం చేసేది అంతవరకే. మోకాలి దగ్గర ఏమీ ఉండదు, నేలకు ఆనే భాగం అసలే లేదు. అంటే ఒంటి బరువంతా ఎప్పటిలాగే మోకాలి మీదుగానే నేలకు దిగుతుంది. యంత్రం బరువు దానికి అదనం.

మోకాలి మార్పిడి చేసినప్పుడు కృత్రిమ కీలులోనే సెన్సార్లు అమర్చి ఆ భారాన్ని కొలిచిన పరిశోధకులున్నారు. చదును నేల మీద నడిచేటప్పుడు ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు, మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లకు పైగా, దిగేటప్పుడు ఇంచుమించు మూడున్నర రెట్లు మోకాలి మీద పడుతుందని తేలింది. 70 కిలోల మనిషి మెట్టు దిగితే ఆ ఒక్క క్షణం మోకాలి మీద 240 కిలోలు! అరిగిన కీలుకు నొప్పి పుట్టించేది ఈ భారమే. తొడను ఎంత మెత్తగా పైకి లాగినా ఇది చెప్పుకోదగినంత తగ్గదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. కొర్లగుంటలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరరుగారికి వాళ్ల అబ్బాయి పోయిన ఏడాది ఇలాంటి యంత్రమే పంపాడు. ఆయన కట్టుకునే ముందు నన్ను పరీక్షించి చూడమన్నారు. ఒక ఆదివారం తెల్లవారుజామున దాన్ని కట్టుకుని శ్రీవారి మెట్టు దారిన బయలుదేరాను. 2,388 మెట్లు. నాకు 48 ఏళ్లు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. మొదటి పది మెట్లు వింతగా అనిపించాయి. వెనుక ఎవరో నిలబడి తొడల కింద చేయి వేసి ఎత్తుతున్నట్లుంది. యాభై మెట్లు దాటాక అలవాటైంది. రెండు వందల మెట్ల దగ్గర మామూలుగా నాకు వచ్చే ఆయాసం రాలేదు. తొడల్లో మంట లేదు. ఈ మేలు నిజం, నేను కాదనను.

ఇబ్బందులు ఆ తర్వాత మొదలయ్యాయి. పైనుంచి వస్తున్న ఒక కుటుంబానికి దారి ఇవ్వడానికి ఆగి పక్కకు జరిగాను. నేను అడుగు వేయాలనుకోలేదు, కానీ కుడి తొడ వేలెడంత పైకి లేచింది. నేను మెట్టు మీద ఒరిగి, పక్కనున్న గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. నాకు అది చిన్న తడబాటు. మోకాలు ఉన్నట్టుండి వదిలేసే అలవాటున్న 67 ఏళ్ల మనిషికి అదే తుంటి ఎముక విరగడానికి చాలు. సగం దారిలో చెమటకు తొడ పట్టీలు జారడం మొదలైంది. మూడు సార్లు కూర్చుని బిగించుకోవలసి వచ్చింది. మర్నాడు తొడలు నొప్పి పెట్టలేదు, పిక్కలు మాత్రం రాయిలా అయ్యాయి. యంత్రం తుంటికి సాయం చేసింది కానీ పాదాన్ని, పిక్కను వాటి మానాన వాటిని వదిలేసింది.

తర్వాత లెక్చరరుగారికి వాళ్ల ఇంటి మెట్ల మీదే కట్టి చూశాం. ఆయన ఒక చేత్తో రెయిలింగు పట్టుకున్నారు, నేను వెనుక ఉన్నాను. పన్నెండు మెట్లు ఎక్కి, ఆగి, ఎడమ మోకాలి లోపలి వైపు బొటనవేలితో నొక్కి చూపించి, "లాగుతోంది సార్, బాగానే లాగుతోంది. కానీ నొప్పి ఉన్నచోటే ఉంది" అన్నారు. నేను ఇంత పొడుగున చెప్పింది ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పారు.

మన కొండకు సంబంధించి ఇంకొన్ని చిక్కులున్నాయి. ఇవి ఆ వీడియోల్లో కనిపించవు. మొక్కు ఉన్నవారు మెట్లు ఎక్కేది చెప్పులు లేకుండా. మీ నాన్నగారు పంచె కట్టుకునే వస్తారు కదా? తొడ పట్టీ పంచె మీద నిలవదు. చీర మీద అసలు కుదరదు. మెట్టు మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టే మొక్కు అయితే నడుము చుట్టూ ఉన్న చట్రం వంగనివ్వదు. ఇక మోకాళ్ల పర్వతం సంగతి మీకు తెలిసిందే. శేషాద్రిని పాదంతో తొక్కరాదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే చోటు అది. దారి చివరలో, ఒళ్లు పూర్తిగా అలిసిపోయాక ఆ నిట్టనిలువు మెట్లు వస్తాయి. బ్యాటరీ కూడా అప్పటికే అడుగంటి ఉంటుంది.

బ్యాటరీ లెక్క కూడా చెబుతాను. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. 70 కిలోల మనిషిని అంత ఎత్తుకు చేర్చడానికి, వృథా అన్నది లేకపోయినా, సుమారు 133 వాట్-అవర్ల శక్తి కావాలి. ఈ రకం యంత్రాల్లో ఒక్కో బ్యాటరీలో ఉండేది 70 వాట్-అవర్ల ప్రాంతం. మోటార్లలో వేడి రూపంలో పోయేది పోగా మిగిలేది ఇంకా తక్కువ. అంటే కొండ ఎక్కే పనిలో పెద్ద భాగం ఆయన కండరాలే చేయాలి. యంత్రం చేయి అందిస్తుంది, ఎత్తుకుని మాత్రం పోదు.

మరి ఇవి ఎవరికి పనికొస్తాయి? కీళ్లు బాగుండి, ఎక్కువ దూరం నడిస్తే అలిసిపోయేవారికి. కొండల్లో తిరిగేవారికి, బరువులు మోస్తూ నడిచేవారికి. పరిశోధనల్లో వచ్చిన మంచి ఫలితాలన్నీ దాదాపు ఇలాంటి ఆరోగ్యవంతుల మీదవే. 2015లో అమెరికా పరిశోధకులు బ్యాటరీ లేకుండా కేవలం స్ప్రింగు, క్లచ్‌తో చీలమండకు కట్టే పరికరం చేసి, నడకకు ఖర్చయ్యే శక్తిని 7 శాతం తగ్గించారు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది. మనిషి నడకను లక్షల ఏళ్ల పరిణామం ఎంత పొదుపుగా దిద్దిందో తెలిసినవారికి ఆ 7 శాతం విలువ తెలుస్తుంది. 2019లో హార్వర్డ్ వారి మెత్తని బట్ట సూటు నడకలో 9 శాతం, పరుగులో 4 శాతం మిగిల్చింది. 2022లో స్టాన్‌ఫర్డ్ వారు చీలమండ యంత్రాన్ని ఎవరి నడకకు తగ్గట్టు వారికి సరిదిద్దేలా చేస్తే, నడక వేగం 9 శాతం పెరిగి, అదే దూరానికి శక్తి ఖర్చు 17 శాతం తగ్గింది. ఇవి గొప్ప ఫలితాలు. అయితే ఇవన్నీ అలుపును కొలిచినవి. మోకాలి నొప్పిని కొలిచినవి కావు.

అందుకే నా దగ్గరికి వచ్చేవారిని ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: మీ నడకను ఆపుతున్నది ఏది? నొప్పా, బలం లేకపోవడమా, తూలడమా, ఆయాసమా, లేక మెదడు నుంచి కాలికి మాట అందకపోవడమా? బలం చాలనివారికి మోటారు కొంత సాయం చేయగలదు. తూలేవారికి ఈ తేలికపాటి యంత్రాలు ఏమీ చేయలేవు, పడకుండా పట్టుకునే శక్తి వాటికి లేదు. ఆయాసం ఉన్నవారు యంత్రం సంగతి పక్కన పెట్టి ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇలాంటివి ఒంటికి కట్టుకోకూడదు.

మీ నాన్నగారిని ఆపుతున్నది నొప్పి. దాని వెనుక, నేను చూడకుండానే అనుకుంటున్నాను, తొడ ముందు కండరం నీరసించిపోవడం కూడా ఉంటుంది. నొప్పి వల్ల కదలరు, కదలకపోతే కండరం కరుగుతుంది, కండరం కరిగితే నొప్పి పెరుగుతుంది. ఈ చుట్టును తెంచేది వ్యాయామమే. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. ఆయన చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఆయన వయసు మగవారిలో చాలామంది 12 నుంచి 18 సార్లు లేస్తారు. ఎనిమిదికే ఆగిపోతే, కొండ మాట అప్పటికి పక్కన పెట్టి కుర్చీతోనే మొదలుపెట్టాలి.

నేను చేయించేది పెద్ద విద్యేమీ కాదు. పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలడం. కాలు నిటారుగా ఒక జానెడు ఎత్తి నిలపడం. కుర్చీలోంచి లేవడం. రెండు మూడు వారాల తర్వాత గడప ఎత్తున్న పీట మీదికి ఎక్కి దిగడం. రోజు విడిచి రోజు చాలు. చేసేటప్పుడు నొప్పి కాస్త పెరిగినా మర్నాటికి తగ్గిపోతే భయపడనక్కరలేదు. మర్నాడు మోకాలు వాస్తే మాత్రం ఎక్కువైందని అర్థం. బరువు ఎక్కువుంటే తగ్గించండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క తేలింది. ఏ యంత్రమూ ఇవ్వలేని లాభం ఇది.

చేతికర్ర తప్పకుండా ఇవ్వండి, దాన్ని నొప్పి ఎక్కువగా ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టించండి. పదిమందిలో ఎనిమిది మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని నా గదిలోకి వస్తారు. మెట్టు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. కర్ర ఎప్పుడూ నొప్పి కాలితోనే కదలాలి.

ఇలా మూడు నాలుగు నెలలు చేశాక, మీ డాక్టరు సరేనంటే, అలిపిరి 3,550 మెట్లు కాకుండా ముందు చిన్న ప్రయత్నం చేయండి. గాలి గోపురం దాకా ఉండే ఎక్కుడు చాలా కష్టమైనది. అది దాటితే కొంత దూరం మెట్లు తక్కువ, నడక ఎక్కువ. సామాను అలిపిరి దగ్గరే అప్పగిస్తే పైన తీసుకోవచ్చు. దిగడం మాత్రం బస్సులోనే, ఈ విషయంలో మొహమాటపడవద్దు. చంద్రగిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన 70 ఏళ్ల పెద్దాయన ఒకరు అయిదు నెలల సాధన తర్వాత తొమ్మిది గంటలు తీసుకుని ఎక్కారు. ప్రతి వంద మెట్లకూ కూర్చున్నారట. పైకి చేరాక ఫోను చేసి ఏమీ మాట్లాడలేకపోయారు. వాళ్ల అమ్మాయి ఫోను తీసుకుని చెప్పింది. అందరికీ ఇలా అవుతుందని నేను చెప్పను. కీలు పూర్తిగా అరిగి, కాలు వంకర తిరిగినవారికి వ్యాయామం చాలదు. వాళ్లకు మోకాలి మార్పిడి గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడమనే చెబుతాను. తితిదే వారి బర్డ్ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది కదా.

ఇప్పుడు రెండో రకం యంత్రాల గురించి. ఈ ప్రశ్న చదివేవారిలో వెన్ను దెబ్బ తగిలిన పిల్లల తల్లిదండ్రులు ఉంటారని తెలుసు. నడుము కింద స్పర్శ, కదలిక లేనివారిని నిలబెట్టి నడిపించే పెద్ద యంత్రాలు ఇవి. పాదం నుంచి నడుము దాకా కాలంతటికీ చట్రం ఉంటుంది, తుంటికీ మోకాలికీ మోటార్లుంటాయి, బరువును చట్రమే నేలకు దింపుతుంది. ఇజ్రాయెల్‌లో పుట్టిన రీవాక్ అనే యంత్రానికి 2014లో అమెరికా ప్రభుత్వం ఇంట్లో వాడుకునేందుకు అనుమతి ఇచ్చింది. దాన్ని రూపొందించిన అమిత్ గోఫర్ స్వయంగా ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడిన ఇంజినీరు. చేతుల్లో బలం లేనందున తాను చేసిన యంత్రాన్ని తానే వాడుకోలేకపోయారు. ఈ ఒక్క సంగతిలోనే ఈ యంత్రాల పరిమితి ఉంది: వీటిలో చాలావాటిని వాడాలంటే రెండు చేతుల్లోనూ కర్రలు పట్టుకునే బలం ఉండాలి.

పీలేరు వైపు ఒక ఊరి నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి పడ్డాడు, అప్పుడు వాడికి 24 ఏళ్లు. మా ప్రాంతంలో చింత చెట్ల మీద నుంచి పడి వెన్ను విరిగినవాళ్లను ప్రతి ఏటా చూస్తాను. నాలుగేళ్లు వీల్ చైరులో గడిపాక, వేరే ఊళ్లో ఒక పునరావాస కేంద్రంలో ఇలాంటి యంత్రం ఉందని తెలిసి తీసుకెళ్లాం. నేనూ వెళ్లాను. పట్టీలన్నీ బిగించడానికే అరగంట పట్టింది. చర్మం ఒరుసుకుంటే వాడికి తెలియదు, అందుకని మడమల దగ్గర, మోకాళ్ల పక్కన మెత్తలు పెట్టి రెండేసి సార్లు చూశారు. బటన్ నొక్కగానే కూత లాంటి చిన్న శబ్దం వచ్చింది, యంత్రం వాడిని నెమ్మదిగా లేపింది. రక్తపోటు పడిపోతుందేమోనని ఒక నిమిషం ఆగారు. వాళ్లమ్మ ఎదురుగా నిలబడి ఉంది. నాలుగేళ్లుగా వంగి కిందికి చూసి మాట్లాడిన కొడుకు ముఖం కోసం ఆమె తల ఎత్తాల్సి వచ్చింది. "వీడు ఇంత పొడుగని మరిచిపోయినాను" అంది. ఆ గదిలో ఎవరం మాట్లాడలేదు.

తర్వాత నడిచాడు. రెండు మోచేతి కర్రల మీద ఒరిగితే యంత్రం ఒక అడుగు వేస్తుంది. మళ్లీ ఒరగాలి, మళ్లీ అడుగు. వెనుక ఒక మనిషి పట్టుకునే ఉన్నాడు. 2015లో అలాంటి ఫలితాలన్నీ కూడగట్టి చూసినప్పుడు ఈ యంత్రాలతో సగటు వేగం సెకనుకు పావు మీటరు చొప్పున తేలింది. అంటే వంద మీటర్లకు ఆరున్నర నిమిషాలు. రోడ్డు దాటడానికి, బస్సు ఎక్కడానికి, పొలం గట్టు మీదికి, ఇరుకు మరుగుదొడ్డిలోకి ఇది పనికిరాదు. రీవాక్‌కు కావలసిన కనీస ఎత్తు 160 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లలో చాలామంది అంత ఎత్తు ఉండరు. ఇక ధర. 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ యంత్రానికి చెల్లించడానికి నిర్ణయించిన మొత్తం 91,032 డాలర్లు. మన లెక్కలో 75 లక్షల పైమాట.

ఆ అబ్బాయి పన్నెండు సార్లు వెళ్లి సాధన చేశాడు. కాళ్ల బిగుతు తగ్గింది, విరేచనం సాఫీగా అవుతోందన్నాడు. నిలబడ్డానన్న ధైర్యం మనసుకు వచ్చింది. ఆ ధైర్యానికి నేను చాలా విలువ ఇస్తాను. కానీ బతకడానికి వాడికి ఉపయోగపడింది తేలికైన మంచి వీల్ చైరు, ఇంటి ముందు సిమెంటు ర్యాంపు, చేతితో నడిపే మూడు చక్రాల బండి. ఇప్పుడు మదనపల్లెలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. స్తోమత ఉండి యంత్రం మీద లక్షలు పెట్టాలనుకునేవారు ముందు ఇంట్లో గుమ్మాలు వెడల్పు చేయించండి, మరుగుదొడ్డి మార్చండి, పడక పుండ్లు రాకుండా మంచి దిండు కొనండి. యంత్రాన్ని సాధనకు కేంద్రంలోనే వాడుకోవచ్చు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి వారి పునరావాస విభాగం చిత్తూరుకు గంట ప్రయాణం. వెన్ను దెబ్బ తగిలినవారు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి సలహా తీసుకోవాలని నా కోరిక. అక్కడ నేర్పేది నడక ఒక్కటే కాదు, వీల్ చైరులో పూర్తి జీవితం గడపడం కూడా.

ఇక పిన్నిగారు. పక్షవాతంలో కాలి ఎముకకూ కండరానికీ దెబ్బ తగలదు. కాలికి ఆజ్ఞ పంపే మెదడు భాగం దెబ్బతింటుంది. మెదడు తిరిగి నేర్చుకోగలదు, అదే ఇక్కడున్న ఆశ. నేర్చుకోవాలంటే అదే అడుగును వందల సార్లు, సరైన పద్ధతిలో వేయాలి. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చెరో పక్కా పట్టుకుని నడిపిస్తే వేయించగలిగే అడుగులు తక్కువ. యంత్రం అయితే వందల అడుగులు వేయిస్తుంది. కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బాండికూట్ రోబో చేసిన జెన్‌రోబోటిక్స్ వారే జీ-గైటర్ అనే నడక యంత్రాన్ని కూడా తయారుచేశారు. స్విట్జర్లాండ్ వారి లోకోమ్యాట్ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది.

ఎన్నో దేశాల ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పేది ఇది: యంత్రంతో పాటు మామూలు ఫిజియోథెరపీ కూడా చేసినవారు, ఫిజియోథెరపీ ఒక్కటే చేసినవారికంటే ఎక్కువగా సొంతంగా నడవగలుగుతున్నారు. ఆ మేలు అన్నిటికంటే ఎక్కువ కనిపించింది మొదటి మూడు నెలల్లో మొదలుపెట్టినవారికి, అప్పటికి అసలు నడవలేని స్థితిలో ఉన్నవారికి. యంత్రం ఒక్కటే చాలదు, ఫిజియోథెరపీ మానకూడదు. ఇప్పటికే తనంతట తాను నడుస్తూ, కాలు కాస్త ఈడుస్తున్నవారికి యంత్రం వల్ల అదనంగా కలిగే మేలు తక్కువ. వాళ్లకు తరచుగా కావలసింది పాదం కిందికి జారకుండా పట్టే ప్లాస్టిక్ స్ప్లింటు. కొన్ని వేల రూపాయల్లో కాలికి కొలత తీసి చేస్తారు. తిరుచానూరు నుంచి వచ్చే ఒకామె బొటనవేలు ప్రతి గడపకూ తట్టుకుని మూడు సార్లు పడింది. స్ప్లింటు వేసిన రోజు నా గది గుమ్మం అటూ ఇటూ పదిసార్లు దాటి చూసుకుంది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో అందరూ ఏదో యంత్రం కోసం డబ్బు కూడబెడుతున్నారు. స్ప్లింటు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మీ ప్రశ్నలో పిన్నిగారికి పక్షవాతం ఏ నెలలో వచ్చిందో రాయలేదు. నాకు అన్నిటికంటే ముందు తెలియవలసింది అదే. మూడు నెలలు ఇంకా దాటకపోతే తమ్ముడు పంపే డబ్బు కోసం ఎదురుచూడవద్దు. ఈ వారమే తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి గానీ వేలూరుకు గానీ తీసుకెళ్లి, ఆమెకు ఏ సాధన సరిపోతుందో, యంత్రం మీద చేయించాలో లేదో చూపించండి. దాటిపోయినా మానవద్దు, మెరుగుదల నెమ్మదిగా వస్తుంది కానీ ఆగిపోదు. రాసేటప్పుడు ఇవి కూడా చెప్పండి: ఎవరూ పట్టుకోకుండా మంచం అంచున కూర్చోగలరా, ఎడమ పాదం వేళ్లను పైకి ఎత్తగలరా, బీపీ, షుగరు మందులు రోజూ వేసుకుంటున్నారా. నాన్నగారు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో ఆ అంకె కూడా పంపండి.